తిరిగి రాయని చీటీ

ఈ రోజు పొద్దున సత్యోపదేశం తరగతిలో ఒక అమ్మాయి రాసిన చీటీని ముందుగా చూసుకోకుండా, తిరిగి రాయకుండా, ఉన్నది ఉన్నట్టు అందరి ముందూ చదివాను. నా తప్పు అక్కడితో ఆగలేదు, కానీ మొదలైంది అక్కడ.

ఎల్‌బీ నగర్ దగ్గరి మా విచారణ గుడిలో, అంటే కతోలిక చర్చిలో, ఆదివారం పూజ అయ్యాక, పదహారు నుంచి ఇరవై ఏళ్ల పిల్లలకు నేను పాఠం చెబుతాను. తొమ్మిదేళ్లయింది. వేసవిలో ఆరు వారాలు కుటుంబ జీవితం గురించి ఉంటుంది. శరీరం, ప్రేమ, పెళ్లి, కడుపులో పడిన క్షణం నుంచి బిడ్డ ప్రాణానికున్న విలువ. ఇలాంటివి పిల్లలు నోరు తెరిచి అడగరు. అందుకని గుడి పక్క తలుపు దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా పెట్టాను. మూతకు సన్నటి చీలిక. పేరు రాయకుండా ప్రశ్న రాసి, మడిచి అందులో వేస్తారు.

దానికి నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. శనివారం సాయంత్రం ఇంట్లో డబ్బా విప్పి, ఒక్కో చీటీ చదివి, నా చేతిరాతతో వేరే కాగితం మీద తిరిగి రాస్తాను. ఊరు, పని, చుట్టరికం, ఇంకే గుర్తు ఉన్నా తీసేస్తాను. 'మా అక్క' అని ఉంటే 'ఒక యువతి' అని రాస్తాను. తర్వాత అసలు చీటీలు చింపేస్తాను. ఈ సంగతి పిల్లలందరికీ తెలుసు. తెలుసు కాబట్టే రాస్తారు.

నేను బాటసింగారం పండ్ల మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. మామిడి కాయల రోజులు. నిన్న లారీల దగ్గర నిలబడి నిలబడి ఇంటికొచ్చి, స్నానం చేసి పడుకున్నాను. డబ్బా విప్పలేదు. పొద్దున అలాగే చంకలో పెట్టుకుని తరగతికి పోయాను. చీటీలు వచ్చే వారం చూద్దామని చెప్పొచ్చు. చెప్పలేదు. తొమ్మిదేళ్ల అనుభవం, ఏ ప్రశ్న వచ్చినా అప్పటికప్పుడు చెప్పేస్తానన్న ధీమా. అలసటను ఎవరైనా క్షమిస్తారు. ఆ ధీమానే నేను ఒప్పుకోవాలి.

మొదటి రెండు చీటీలు మామూలువి. మూడోది విప్పి చదవడం మొదలుపెట్టాను.

"సార్, మా అక్కకు పెండ్లి కాలే. నాలుగో నెల. ఇంట్ల తీయించుకోమంటున్నరు. అక్క వద్దంటున్నది. బిడ్డను కంటే అక్కను మళ్ల గుడిల పాడనిస్తరా? బిడ్డకు జ్ఞానస్నానం ఇస్తరా?"

'పాడనిస్తరా' అన్న మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకు అర్థం కాలేదు. మా గాయక బృందంలో పెళ్లికాని ఆడపిల్ల ఒక్కతే. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె చెల్లెలు ఇంటర్ చదువుతోంది. నా ఎదురుగా మూడో వరుసలో కూర్చుని ఉంది.

వెనక నుంచి ఒక గొంతు: "గా పాటలక్కనా సార్?"

"నోర్ముయ్యవే," అని ఇంకో అమ్మాయి. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

అప్పుడైనా నేను చేయాల్సింది ఒక్కటే. రెండు ప్రశ్నలకూ ఔను అని చెప్పడం. ఆ జవాబు నాకు తెలుసు. ఏ తల్లి కడుపున పుట్టిందని ఏ బిడ్డకూ మా గుడిలో జ్ఞానస్నానం ఆగదు. కానీ నేను కంగారుపడ్డాను. ఆ కంగారు దాచడానికి గొంతు పెంచాను. పెళ్లికి ముందు పవిత్రత గురించి, శరీరాన్ని కాపాడుకోవడం గురించి, ఒక్క తప్పడుగుతో కుటుంబం ఎంత తలదించుకోవాల్సి వస్తుందో దాని గురించి పది నిమిషాలు దంచాను. మధ్యలో ఆ చెల్లెలు లేచింది. బ్యాగు తీసుకుని, నా ముందు నుంచే, నా మొహం చూడకుండా బయటికి పోయింది. నేను ఆపలేదు. పాఠం ముగించి ప్రార్థన కూడా చెప్పించాను.

మా అమ్మాయి కూడా అదే తరగతిలో కూర్చుంటుంది. పదిహేడేళ్లు. ఇంటికి వస్తూ నా బండి వెనక కూర్చుంది. ఇంటి ముందు దిగాక అంది:

"డాడీ, ఆమె అడిగిందేంది, నువ్వు చెప్పిందేంది?"

"పాఠం అదే కదా బేటా."

"పాఠం వాళ్లక్కకు వచ్చు డాడీ. ఇంట్ల అందరు తీయమంటున్నా ఉంచుకుంటా అంటున్నది. నువ్వు చెప్పిన మాట విన్నది ఆమె ఒక్కతే."

చెప్పులు విడిచి లోపలికి పోయింది. 

ఆ మాట నాకు గుచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని పదిహేడేళ్లుగా, గుడిలో పాపం ఒప్పుకున్నప్పుడు తప్ప, ఎవరితోనూ అనలేదు.

మా పెద్దవాడికి ఎనిమిది నెలలప్పుడు మా ఆవిడ మళ్లీ నెల తప్పింది. అప్పుడు నాకు స్థిరమైన పని లేదు. "ఇప్పుడొద్దు, తీయిస్తే అయిపోతది," అన్నాను. కూర దించమన్నంత తేలిగ్గా అన్నాను. మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయాను. టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి ఆవిడ పిల్లాడిని చంకనేసుకుని, "నీళ్లు తాగొస్తానండీ," అని లేచింది. ఎంతకీ రాలేదు. కిందికి దిగి చూస్తే రోడ్డు దాటి బస్‌స్టాపులో నిలబడి ఉంది. నన్ను చూసి, "బస్సొస్తోంది, రండి," అంది. ఎక్కాం. అంతే. ఆ బిడ్డే పొద్దున నా బండి వెనక కూర్చున్నది.

ఆ పాపం గుడిలో ఫాదర్ దగ్గర ఒప్పుకుని క్షమాపణ పొందాను. మా ఆవిడను మాత్రం ఏనాడూ క్షమించమని అడగలేదు. ఆవిడ ఎత్తలేదు కాబట్టి మరిచిపోయిందని అనుకోవడం నాకు సుఖంగా ఉండింది. ప్రాణం దేవుని వరమని తొమ్మిదేళ్లుగా చెప్పాను. ఆ మాట నేను నమ్ముతాను, ఇప్పటికీ. కానీ ఆ మాట నిలబెట్టినది నేను కాదు, ఆవిడ. ఈ రోజు ఇంకో ఆడపిల్ల అదే నిలబెడుతుంటే, నేను ఆమె తప్పులు లెక్కపెట్టాను.

వంటింట్లోకి పోయి పొద్దున జరిగింది చెప్పాను. ఆవిడది గుంటూరు వైపు. కోపం వస్తే మాట నెమ్మదవుతుంది.

"ఇప్పుడేం చేస్తారు?"

"వాళ్లింటికి పోతా. నువ్వు గూడ రా." ఆగి అన్నాను, "గా రోజు దవాఖానల... నాది తప్పు. నిన్ను ఎన్నడు అడగలే. మాఫ్ చెయ్యి."

ఆవిడ స్టవ్ కట్టేసింది. "ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా," అంది. కళ్లు తుడుచుకుంది. "పదండి. అక్కడికెళ్లి మళ్లీ పాఠం మాత్రం మొదలెట్టకండి."

దారిలో గుడి దగ్గర ఆగి ఫాదర్ గారిని కలిశాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "పాడవద్దని ఎవరన్నారు? బిడ్డకు జ్ఞానస్నానం నేనే ఇస్తాను. ఇది చెప్పడానికి నన్ను అడగాలా నువ్వు?"

అడగనక్కర్లేదు. అదే కదా నా బాధ.

బడంగ్‌పేట్‌లో వాళ్లది మేడ మీద రెండు గదుల ఇల్లు. తండ్రి ఆటో నడుపుతాడు. మధ్యాహ్నం ఎండ. ఆయన గడప మీదే నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు.

"ఏంది సార్, మైకు తెచ్చుకోలే? పొద్దున సగం మందికే చెప్పిన్రు. ఈ గల్లీల గూడ చెప్పి పోండ్రి."

"చెప్పనీకి రాలే అన్నా. తప్పు చేసిన. మాఫీ అడుగనీకొచ్చిన."

"నువ్వు అడుగుతవ్, పోతవ్. రేపు ఆటో స్టాండుల నన్ను అడుగుతరు." చేయి తలుపుకు అడ్డం పెట్టాడు. "రేపు పొద్దున దవాఖానకు పోతున్నం. గొడవ ఒడుస్తది."

లోపల గోడకు ఆనుకుని పెద్దమ్మాయి కూర్చుని ఉంది. చీరల దుకాణంలో రోజంతా మడతలు పెట్టే చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి. చిన్నమ్మాయి రెండో గదిలో తెర వెనక ఉంది. రాలేదు. తల్లి మా ఆవిడను చేయి పట్టి లోపలికి తీసుకుపోయింది. "నలుగురిల ఎట్ల తిరగాలె వదినా? వాడేమో ఫోనే ఎత్తడు," అని ఏడుస్తోంది.

అప్పుడు మా ఆవిడ గొంతు వినబడింది, మెల్లగా. "మా ఆయనా అదే అన్నారు వదినా, తీయించమని. దవాఖాన దాకా తీసుకెళ్లారు కూడాను. నేను మెట్లు దిగొచ్చేశాను. ఆ పిల్లే ఇప్పుడు మీ చిన్నదానితో కలిసి పాఠానికి కూర్చుంటోంది."

తండ్రి నా వైపు తిరిగాడు. "నిజమా?"

"నిజమే అన్నా," అన్నాను. "నేనే అన్న. గా పొద్దు ఆమె నా మాట ఇని ఉంటే, నాకు గీ బిడ్డ లేదు."

 ఆయన గడప మీంచి పక్కకు జరిగాడు. నేను లోపలికి పోయి పెద్దమ్మాయి ముందు కింద కూర్చున్నాను.

"బేటా, పొద్దున నీ చెల్లె రెండు ముచ్చట్లు అడిగింది. నేను జవాబియ్యలే. పాడొచ్చు. బిడ్డకు జ్ఞానస్నానం ఇస్తరు. ఫాదర్ గూడ అదే అన్నరు."

ఆమె తల ఎత్తింది. "ఇయ్యాల అంటున్నరు సార్. కడుపు కనపడ్డంక గూడ అంటరా?"

"అంటా."

మా ఆవిడ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "రేపు నేనూ వస్తానమ్మా, డాక్టరుకి చూపించడానికి. చూపించడానికే. ఇంట్లో ఉండలేననిపిస్తే మా ఇల్లుంది, మా అమ్మాయి గదిలో పడుకో." ఈ మాట దారిలో మేం అనుకున్నది కాదు. నేను తల ఊపాను.

జేబులోంచి చీటీ తీసి తెర దగ్గరికి పోయాను. "బేటా, ఇది నీది. నేను చింపాల్సింది. నువ్వే చింపు." తెర సందులోంచి ఒక చెయ్యి వచ్చి తీసుకుంది. చింపిన చప్పుడు రాలేదు.

"ఏం చేస్తే నీ మనసు నిమ్మలమైతది, చెప్పు," అని అడిగాను.

"అందరి ముంగట చదివిన్రు గద సార్," అంది తెర వెనక నుంచి. "జవాబు గూడ అందరి ముంగటే చెప్పుండ్రి."

నేను పెద్దమ్మాయి వైపు చూశాను. మళ్లీ ఆమెను అడగకుండా చేయకూడదు.

"చెప్పుండ్రి సార్," అంది. "పేరు మాత్రం తీయకుండ్రి. ఎట్లయినా అందరికి తెలుసనుకోండ్రి." చిన్నగా నవ్వింది. ఆ ఇంట్లో ఆ మధ్యాహ్నం అదొక్కటే నవ్వు.

మేం మెట్లు దిగుతుంటే తండ్రి పైనుంచి మా ఆవిడను పిలిచాడు. "అక్కా, రేపు ఎనిమిదింటికి ఒస్తవా?" ఎందుకు రమ్మంటున్నాడో చెప్పలేదు. ఆవిడ "వస్తాను తమ్ముడూ," అంది.

బండి ఎక్కాక మా ఆవిడ అంది, "మన పిల్లకి ఇంకెవరో చెప్పే లోపు మీరే చెప్పండి." చెప్పాను. ఇంట్లో, మంచం అంచున కూర్చుని, అమ్మ పక్కనుండగా.  అది నన్ను కాకుండా వాళ్లమ్మను అడిగింది: "ఏ బస్సు ఎక్కినవ్ అమ్మా?"

"ఎల్‌బీ నగర్‌దే," అంది ఆవిడ.

"నాతోటి కొద్ది రోజులు మాట్లాడకు డాడీ," అంది. "కానీ సాయంత్రం నేను ఒస్తా."

మే నెల మరియతల్లిది కాబట్టి సాయంత్రాలు గుడిలో జపమాల ప్రార్థన ఉంటుంది. పొద్దున తరగతిలో ఉన్న పిల్లలు చాలామంది తల్లిదండ్రులతో వచ్చారు. వెనక బెంచీలో చిన్నమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. జపమాలకు ముందు ఫాదర్ గారి అనుమతి తీసుకుని లేచాను. మైకు తీసుకోలేదు.

"పొద్దున పాఠంలో ఒకరు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు," అన్నాను. "చీటీలు తిరిగి రాసి చదువుతానన్న నా మాట నేనే తప్పాను. అడిగినదానికి జవాబు చెప్పకుండా, అడగనిది చెప్పి వాళ్లను నొప్పించాను. జవాబులు ఇవి. పెళ్లి కాకుండా తల్లి అయిన ఆడపిల్ల ఈ గుడిలో పాడొచ్చు. ఆమె బిడ్డకు ఇక్కడే జ్ఞానస్నానం ఇస్తారు. ప్రాణం నిలబెట్టాలని నేను మీకు నేర్పాను. నిలబెడుతున్న మనిషిని చూసి ఎవరూ నవ్వకండి. పొద్దున మీరు నవ్వడానికి కారణం నేను. అందుకు ఆమెనూ, మిమ్మల్నీ క్షమాపణ అడుగుతున్నాను."

ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మాయి తల వంచుకునే ఉంది.

బిస్కెట్ల డబ్బాను మా ఆవిడ చేతికిచ్చాను. ఇక చీటీలు విప్పేది, తిరిగి రాసేది ఆవిడ. తర్వాత పోయి వెనక బెంచీలో, ఆ అమ్మాయికి ఒక మనిషి దూరంలో మోకాళ్ల మీద ఉండి జపమాల చెప్పాను.