బదులు పోయిన వరద సంచులు

నా చేతికి బాగా కుదిరిన మొదటి అక్షరం 'వ'. నలభై దాటాక, మహిళా సంఘం ఆడవాళ్ల కోసం బడి వరండాలో మధ్యాహ్నం పూట నడిపిన చదువులో నేనూ కూర్చున్నాను. పలక మీద దిద్దిన అక్షరాలు తెల్లారేసరికి మరిచిపోయేదాన్ని. ఈ 'వ' మాత్రం సంచుల మీద రాసి రాసి చేతికి పట్టుబడింది. కొత్త ప్లాస్టిక్ సంచులు. వేపపుల్ల నల్లరంగులో ముంచి ఒక్కో సంచి మీద ఒక 'వ' రాశాను. వరద సంచి అని గుర్తు.

మాది మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డుకు లోపలగా ఉండే ఊరు. ఊరి పైభాగాన కుంట, ఆ కుంట కట్ట కిందనే మా వాడ. మా వాడలో ఇళ్లన్నీ మట్టిగోడలవి. ఒక్క పూట నీళ్లు నిలిచాయంటే గోడ నాని కూర్చుంటుంది. కట్టే తెగితే ఇక చెప్పేదేమీ లేదు.

అవి హైదరాబాద్‌లో కంప్యూటర్ కంపెనీలు వరసగా లేస్తున్న రోజులు. వాటిలో కొలువు చేసేవాళ్లు ఆదివారం కార్లలో మా దిక్కు వచ్చి భూములు చూసేవాళ్లు. అజీజ్‌నగర్‌లో అప్పటికే ఫాంహౌస్‌లు వచ్చాయి. మా ఆయన వాటిలో ఒకదానికి వాచ్‌మన్, వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో నేనూ, తుంటి విరిగి మంచం పట్టిన మా అత్తా.

కుంటకు ఎగువన ఉన్న మెట్ట చెలకలు అమ్ముడుపోయి ప్లాట్లయ్యాయి. గట్లు చదును చేసి ఎర్ర మొరంమట్టి రోడ్లు పోశారు. మునుపు వాన నీళ్లు గట్టు గట్టుకూ ఆగి, ఇంకి, తీరిగ్గా కుంటలోకి దిగేవి. ఇప్పుడు ఆ రోడ్లు పట్టుకొని ఒక్క ఉరుకున వస్తున్నాయి. ఒక ఏడు అట్లాగే వచ్చి మా వాడలో మోకాలి లోతున నిలిచాయి. మా పక్కింటి గోడ కూలి, దాని కింద వాళ్ల మేకలు చచ్చాయి.

ఆ తర్వాతే పట్నం నుంచి ఒక సంస్థ తరఫున ఒక మేడం వచ్చింది. వానకూ కరువుకూ ఊరు ముందే తయారై ఉండాలనీ, ఎట్లా తయారవ్వాలో ఊరే ఆలోచించుకోవాలనీ, పైసలు మహిళా సంఘం చేతికే ఇస్తామనీ చెప్పింది. సగం ముందు, పని చూశాక మిగతా సగం.

బడి ముందర మీటింగు పెట్టారు. మగవాళ్లు గోడ పొడుగునా నిలబడ్డారు.

"ఆడోళ్ల చేతికి పైసలా? చీరలు కొంటరు గంతే" అన్నాడొకాయన.

"నీ అంగీకి బొక్కలు పడ్డయి. ముందుగాల నీకో అంగీ కొంటం తియ్యన్నా" అంది మేకలు పోయిన మా పక్కింటామె. అందరూ నవ్వారు, ఆయన కూడా.

కొందరు బోరు వేయించమన్నారు. "బోరు వచ్చి నా గోడను ఆపుతదా?" అని ఆమే అడిగింది. బోరు మాట అంతటితో పోయింది. కట్ట మీద ట్రాక్టర్లు దాటి దాటి ఒకచోట లోతుగా దిగబడిపోయింది. నీళ్లు పైకెక్కితే మొదట పొర్లేది అక్కడే. దాన్ని రాయితో కట్టించాలి, కానీ ముందు సగంతో అది కాదు. అందుకని అప్పటికి సంచులు, పారలు, తాళ్లు, ఊరికి వినబడేటట్టు ఒక మైకు కొన్నాం. వరద వస్తే సంచుల్లో మొరం నింపి ఆ లోతు చోట పేర్చాలనేది మా ఆలోచన. రాతిపని రెండో సగం వచ్చాక చూద్దామనుకున్నాం.

సంఘం అధ్యక్షురాలు ఊళ్లో పెద్ద రైతు ఇంటి కోడలు. నాకంటే చాలా చిన్నది, అయినా మేమంతా పటేలమ్మ అనేవాళ్లం. సంచులు సంఘం గదిలో పెట్టి తాళంచెవి ఆమెకిచ్చాం. వానాకాలమంతా వాటి అవసరం పడలేదు. కుంట మాత్రం నిండా ఉంది.

దసరా పోయింది. క్యారెట్ పీకుళ్లు మొదలయ్యాయి. మేం గాజర్‌గడ్డ అంటాం. మా దగ్గర ఆ పని బదులు మీద నడుస్తుంది. ఇవాళ నీ చేనులో నేను, రేపు నా చేనులో నువ్వు. మనిషికి మనిషి, తట్టకు తట్ట, పారకు పార. పంట రోజుల్లో బదులడిగితే లేదనే మాట ఎవరి నోటా రాదు. లేదన్న ఇంటి చేనుకు మర్నాడు మనిషి రాడు.

పటేలమ్మ మామ మా సంఘం గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. లోపల మేమంతా ఉన్నాం.

"ఊకెనే పండుకున్నయి గదనే ఆ సంచులు. నాకు బదులియ్యుండ్రి. పట్నంల మాలు ఒంపి డ్రైవర్ వాపసు తెస్తడు."

"వరదొస్తే ఎట్ల పటేలా?" అని ఎవరో అడిగారు.

"దసరా దాటినంక వరదేందే? నువ్వు పంపుతవా?"

మేం నవ్వాం. ఆకాశంలో మబ్బు లేదు. పొద్దున పూట చలి పెడుతోంది. మేము సరే అన్నాం. లేదనడానికి మాకు నోరు రాలేదు కూడా.

కొన్నాళ్లకే రేడియోలో వాయుగుండం అన్నారు. సాయంత్రం మొదలైన వాన తెల్లవారినా తగ్గలేదు. నేను నెత్తిన యూరియా సంచి కప్పుకొని కట్ట ఎక్కాను. కుంట నీళ్లు చూసుకునే నీరటి మామ అప్పటికే అక్కడున్నాడు. కుంట నిండితే నీళ్లు పోయే మత్తడి మీంచి అవి బయటికి దుముకుతూనే ఉన్నాయి. కానీ పోయేదానికంటే పైనుంచి వచ్చేది ఎక్కువ. ట్రాక్టర్ల బాట దగ్గర నీళ్లు అంచుకు జానెడు తక్కువ దాకా ఎక్కాయి.

"ఆగుతదా మామా?"

"నాకేం ఎర్క బిడ్డా. గిట్ల ఎన్నడు సూడలే. మునుపు గింత జల్ది నీళ్లు రాకపోతుండె."

నేను వాడలోకి ఉరికాను. ముసలివాళ్లనూ పిల్లలనూ బడికి చేర్చమని చెప్పి, అట్లాగే పటేలమ్మ ఇంటికి పోయాను. ఆమె తాళంచెవి తీసుకొని నా వెంట వచ్చింది. గది తెరిచాం. పారలున్నాయి, తాళ్లున్నాయి, మైకుంది. సంచులు పెట్టిన మూల ఖాళీగా ఉంది.

"ఇంక వాపస్ రాలే అక్కా" అంది ఆమె చిన్నగా. "పొద్దుగాలనే లారీకి ఎత్తుతున్నరు."

ఆమె మైకు అందుకొని పారలు తీసుకొని చేను దగ్గరికి రమ్మని ఊరికంతా చెప్పింది. ఇద్దరం చేను దిక్కు పరుగెత్తాం.

లారీ రోడ్డు వారగా ఉంది. పటేలమ్మ మామ దగ్గరుండి మీద పట్టా కప్పించి తాళ్లు బిగింపిస్తున్నాడు. పట్టా కింద నుంచి కనబడుతున్న ప్రతి సంచి మీదా నా 'వ' ఉంది.

"పటేలా, సంచులు గావాలె. కట్ట మీదికి నీళ్లెక్కుతున్నయి" అన్నాను.

"నేనేమన్న ఎక్కమన్ననా? లారీ పోయొస్తది. పొద్దుగూకంగ నీ సంచులు నీకిస్త."

"పొద్దుగూకే దాక కుంట ఆగుతదా?"

"అయితే నన్నేం జెయ్యమంటవు?" ఆయన గొంతు లేచింది. "చేన్ల ఉన్నదంత ఈ వానకు మురుగుతది. చేతికొచ్చింది గిదొక్కటే. ఇది మట్టిల పోస్తే నీ సంఘం ఇస్తదా నాకు?"

సంస్థ ఇచ్చిన డబ్బు పంట నష్టానికి వాడకూడదు. అది మీటింగులోనే చెప్పారు. ఆయన అన్నదాంట్లో అబద్ధమూ లేదు. వెనక మా వాడ ఆడవాళ్లు పారలు పట్టుకొని తడుస్తూ వచ్చి నిలబడ్డారు.

"ఏదో ఒకటి తేల్చుండ్రి" అన్నాడు డ్రైవర్. "వాగు పొంగితే నా బండి గీడనే ఉంటది."

పెద్దాయన అతనికి పొమ్మని చెయ్యి ఊపాడు. డ్రైవర్ ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

పటేలమ్మ అప్పటిదాకా నెత్తి మీద కొంగు పట్టుకొని పక్కన నిలబడింది. ఆ ఇంట్లో కోడళ్లు మామ ఎదుట గొంతెత్తరు. ఇప్పుడు కూడా ఆమె ఆయన దిక్కు చూడలేదు. లారీ ముందుకు పోయి నిలబడి, "తమ్మీ, బండి బంజెయ్యి" అంది. అతను ఆపాడు. ఆమె వెనక్కి వచ్చి చక్రం మీద కాలు పెట్టి పైకెక్కింది. ఒక కూలామె చేతిలోని కొడవలి అడిగి తీసుకొని, అందిన సంచి మూతి తాడు కోసింది. కడిగిన క్యారెట్ ఎర్రగా బురదలోకి జారింది.

"ఏందే! మళ్ల ఇంట్ల అడుగువెడ్తవా నువ్వు?"

"బదులు తెచ్చినయి మామా" అంది ఆమె, రెండో తాడు కోస్తూ. "అడిగినప్పుడు ఇయ్యకుంటే మళ్లెవరన్న మనకిస్తరా? నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు మీరే జెప్పిండ్రు."

అప్పుడు నాకు మాట దొరికింది. "పటేలా, మా వాడంత బదులొస్తం. ఒంపినయి మళ్ల కడుగుతం. చేన్ల ఉన్నయి పీకుతం. ఒక్కలం గూడ కూలడుగం."

ఆయన మా ముఖాలు చూశాడు. తర్వాత పక్కకు తిరిగి, "బురదల ఎందుకు పోస్తున్నరే, కండ్లు లేవా? ఆ పట్ట గుంజి కింద పరువుండ్రి" అని అరిచాడు.

పట్టా పరిచాం. ఒంపడం మొదలుపెట్టాం. ఖాళీ అయిన సంచులను చంకల్లో పెట్టుకొని కట్టకు ఉరికాం. ప్లాట్ల రోడ్డు కోసం పోసిన మొరం కుప్ప కట్టకు దగ్గర్లోనే ఉంది. కొందరు తవ్వారు, కొందరు నింపారు, మిగతావాళ్లం వరసలో నిలబడి చేతి నుంచి చేతికి అందించాం. తడి మొరం రాయంత బరువు. మొదటి వరస పేరుస్తుండగానే నీళ్లు బాట మీదికి పాకి, సంచుల సందుల్లోంచి మా వాడ వైపు సన్నగా కారాయి. నీరటి మామ ఆ సందుల్లో మట్టి కుక్కుతూ, "ఇంకో వరస! జల్ది!" అని కేకలు పెట్టాడు. కింద మా వాడలో నలుగురు మా అత్తను మంచంతో సహా మోసుకుపోతున్నారు. ఆమె వాళ్లను తిడుతున్నది నాకు కట్ట మీదికి వినబడుతోంది. బతికే ఉందనుకున్నాను.

రెండో వరస అయింది. మూడోది సగంలో ఉండగా సంచులు ఇంకా వస్తాయా అని వెనక్కి చూస్తే, పెద్దాయన ఇంట్లో పనిచేసే జీతగాడు మిగతావి ఎడ్లబండి మీద తెస్తున్నాడు. పెద్దాయనే పంపాడట.

మూడో వరస పూర్తయ్యాక చేయడానికి ఏమీ మిగల్లేదు. కట్ట మీద కూర్చొని చూడటమే. నా కళ్ల ముందున్న పై వరస సంచి మీద, నీళ్ల వైపున 'వ' ఉంది. నీళ్లు దాని కింది వంపును తాకాయి. మెల్లగా పైకి పాకి సగం అక్షరాన్ని మింగాయి. అది పూర్తిగా మునిగితే లేచి వాడ దిక్కు పరుగెత్తాలని మనసులో అనుకున్నాను. ఎందుకు పరుగెత్తాలో, పోయి ఏం చేయాలో తెలియదు. చాలాసేపు నీళ్లు అక్కడే నిలిచాయి. వాన సన్నబడింది. మధ్యాహ్నం దాటాక ఆ అక్షరం కింది వంపు తడిగా బయటపడింది. పక్కింటామె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

వాడలో ఒక్క గోడా కూలలేదు.

మర్నాటి నుంచి మేం పెద్దాయన చేనుకు పోయాం. పట్టా మీద పోసినవి కడిగి మళ్లీ నింపాం. బురదలో పడినవీ కాళ్ల కింద నలిగినవీ పశువులకే పనికొచ్చాయి. చేనులో చాలా మురిగింది. ఆయనకు నష్టమే వచ్చింది, మా బదులు దాన్ని పూర్తిగా పూడ్చలేదు. చాలా రోజులు ఆయన కోడలితో మాట్లాడలేదట. ఆమె మాత్రం మీటింగుకు రావడం మానలేదు.

పని చూడటానికి సంస్థ నుంచి మేడంతో పాటు ఒక సారు వచ్చాడు. కొన్న సంచులు చూపించమన్నాడు.

"కట్టల ఉన్నయి సారూ" అన్నాను.

"అన్నీ ఉన్నాయని ఎట్లా తెలుస్తుంది?"

"తవ్వి లెక్కపెట్టుండ్రి మరి" అంది పక్కింటామె. "పారలు మీరిచ్చినయే, కొత్తయి."

మేడం ముఖం పక్కకు తిప్పుకొని నవ్వింది. రెండో సగం వచ్చింది. లోతుపడిన చోట రాతికట్టడం కట్టించాం. మిగిలినదానితో మళ్లీ సంచులే కొన్నాం, కానీ ఈసారి గదిలో పెట్టలేదు. ఖాళీ సంచి కంటబడితే పంటకాలంలో ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే మేం లేదనలేం. అది మా వల్ల అయ్యేది కాదని అందరికీ తెలుసు. అందుకే ముందే మొరం నింపి, మూతులు కుట్టి, కట్ట మీద పేర్చి పెట్టాం. వాటి మీద కూడా నేనే 'వ' రాశాను.

మళ్లీ క్యారెట్ పీకే రోజుల్లో ఒక సాయంత్రం నేను కట్ట మీదుగా వస్తుంటే, పెద్దాయన ఆ సంచుల మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు.

"ఏమే, ఇవి బదులిస్తవా?" అన్నాడు.

"మోసుకపో పటేలా. నేనొద్దన్ననా?"

ఆయన కింద ఉన్న సంచిని ఒకసారి చేత్తో చరిచి చూశాడు. రాయిలా ఉంది. బీడీ చివరిదాకా తాగి, లేచి ఇంటి దిక్కు నడిచాడు.