పుష్‌పుల్ బండిలో ఆడిన సినిమా

ఇప్పుడంటే సినిమా మనిషి జేబులో ఉంటుంది గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని కోసం మనిషే నడిచి వెళ్ళాల్సి వచ్చేది. అలా నడిచి వెళ్ళకూడనివాళ్ళలో మాది మొదటి వరుస. నాయిన డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి, చర్చిలో సంఘ పెద్ద. పక్కింటి రేడియోలో సినిమా పాట మొదలైతే అమ్మ ఇంట్లో కీర్తన ఎత్తుకునేది. (పాపం, పక్కింటివాళ్ళది పెద్ద రేడియో, అమ్మకు గొంతు నొప్పి తగ్గిన రోజు నాకు గుర్తులేదు.) ఆ కట్టుబాటును నేను ఇప్పటికీ తప్పు పట్టను. కాకపోతే దేవుడు నాకు కళ్ళిచ్చాడు, రైలు పెట్టెకు కిటికీ ఉంది, స్టేషన్ గోడలకు పోస్టర్లున్నాయి. సినిమా చూడనివాడికి పోస్టర్ ఎంత ప్రమాదకరమో చూసేవాళ్ళకు తెలియదు. వాళ్ళకు ఒక్కటే కథ దొరుకుతుంది, మాకు ఎన్నైనా దొరుకుతాయి.

మానుకోటలో (జిల్లా అయ్యాక అందరూ మహబూబాబాద్ అని నిండు పేరుతో పిలుస్తున్నారు) ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడిని. రోజూ పొద్దున పుష్‌పుల్ ప్యాసింజరు బండిలో వెళ్ళేవాడిని. నాతో పాటు ఎక్కే ఇద్దరు, మార్కెట్లో పనిచేసే మార్కెట్ అన్న, ఆసుపత్రిలో పనిచేసే నర్సక్క, వరంగల్ దాకా పోయేవారు. సోమవారం వచ్చిందంటే పెట్టె అంతా ఆదివారం చూసిన సినిమాల ముచ్చటే. నేను కిటికీలోంచి చెట్లు లెక్కపెట్టేవాడిని. నా మీద జాలేసిందో ఏమో, మార్కెట్ అన్న ఒకరోజు అడిగాడు: "పంతులూ, నువ్వు చూడవు సరే. నువ్వే తీస్తే ఎట్ల తీస్తవో జెప్పు."

ఇక చూసుకోండి. తెలుగు సినిమా ఎక్కడో కాక మా డోర్నకల్ జంక్షన్‌లో పుట్టి ఉంటే చరిత్ర ఎలా నడిచేదో నేను చెప్పడం మొదలుపెట్టాను. గూడ్సు షెడ్డు మొదటి స్టూడియో. హీరో "ఏంది", "ఎట్ల" అని మాట్లాడతాడు, హీరోయిన్ "జర ఆగు" అంటుంది. "ఆయ్, చిత్తమండీ" అంటూ వంగి వంగి కోస్తా మాట మాట్లాడేవాడు నౌకరు. అప్పటి సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు రౌడీ అయినా కావాలి, నౌకరైనా కావాలి కదా. నేను పళ్ళెం తిప్పి పెట్టానంతే. పెట్టెలో నవ్వులే నవ్వులు. కథలకు మాత్రం నాకు తెలిసిన మూలం ఒక్కటే, ఆదివారం చర్చిలో వినే బైబిలు వాక్యం. దానికే ఫైట్లు, పాటలు పెట్టి చెప్పేవాడిని. వాళ్ళకు ఆ సంగతి తెలియదు, నేనూ చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు ఒక సంబంధం వచ్చింది. అమ్మాయిది కృష్ణా జిల్లా, టీచరు ట్రైనింగ్ అయింది. మా చర్చిలో స్త్రీల కూడికకు వచ్చినప్పుడు వెనక వరుసలో కూర్చుని పాడుతుంటే చూశాను. ఆ తర్వాత నేను చేసిన ప్రార్థనల్లో నిజాయితీ పాలు బాగా పెరిగింది. వాళ్ళ నాన్నగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కబురు పంపిన షరతు ఒక్కటే: సినిమాలు చూసేవాడికి పిల్లనివ్వరు. నాయిన మీసం దువ్వుకుని, "గా విషయంల మనకు భయమేంది" అన్నారు. ఆదివారం వస్తామని మాట అయింది.

ఆ గురువారం బండిలో నా సినిమా మంచి ఊపు మీద ఉంది. తండ్రి గారాబం చేసిన తమ్ముడిని అన్నలు ఎండిన బావిలో పడేసి, ఆనక పరదేశపు బేరగాళ్ళకు అమ్మేశారు. చొక్కాను మేకపిల్ల రక్తంలో ముంచి తండ్రికి చూపించారు. జైల్లో పడ్డ తమ్ముడి దగ్గరికి, అదే జైల్లో ఉన్న రాజుగారి వంటవాడు వచ్చి తన కల చెప్పుకుంటున్నాడు. ఆ వంటవాడే నా కమెడియన్. "ఆయ్, నెత్తి మీద గంపలండీ, గంపల్లో రొట్టెలండీ, కాకులు పొడుస్తన్నాయండీ" అని నేను మెడ ఊపుతూ చెబుతుంటే నర్సక్క కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదుటి సీట్లో తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన మాత్రం నవ్వలేదు. కలలకు అర్థం చెప్పి చెప్పి తమ్ముడు మంత్రి అయ్యాడు, కరువొచ్చి అన్నలు గింజల కోసం వచ్చి తమ్ముడి ముందు నిలబడ్డారు. అంతలో మానుకోట వచ్చింది. ఇంటర్వెల్ అని చెప్పి దిగిపోయాను.

మర్నాడు పొద్దున బండి ఎక్కానో లేదో ఫిర్యాదు. నేను దిగాక ఆ పెద్దాయన మిగతా సగం అందుకుని వరంగల్ దాకా చెప్పాడట. "కథ మంచిగనే జెప్పిండు పంతులూ. గని ఇంటర్వెల్ అయినంక హీరో అండీ అండీ అనవట్టె" అంది నర్సక్క. మార్కెట్ అన్న మొహం పక్కకు తిప్పుకుని, ఏడ్చుడైతే ఏడ్చినమనీ, అది వేరే ముచ్చటనీ ఒప్పుకున్నాడు.

ఆదివారం మా గుమ్మంలోకి ముందుగా అడుగుపెట్టింది ఆ తెల్లబట్టలే. అమ్మాయి నాన్నగారు ఆయనే, గురువారం వరంగల్‌లో చుట్టాలింటికి వెళ్తూ మా బండి ఎక్కారట. ఆయన పొడుగాటి ప్రార్థన చేశారు. (నేను అది ఇంకా పొడుగ్గా సాగాలని కోరుకున్నాను.) ఆమేన్ తర్వాత మిక్చర్ పళ్ళెం పక్కకు జరిపి, "బాబూ, నువ్వు సినిమాలు చూస్తావా?" అన్నారు. లేదన్నాను. "మరి మొన్న రైల్లో నువ్వు చెప్పింది ఏ హాల్లో ఆడుతోంది?"

నాయిన నా వైపు చూశారు. సినిమా చూసిన కొడుకుని చూసిన చూపు అది. లోపలి గదిలోంచి అమ్మ గడప దగ్గరికి వచ్చింది.

"చూసింది కాదండి. గిట్లుంటే బాగుండు అని చెప్పిన" అన్నాను.

"తెలుసులే. అది వాక్యంలోని కథేనని మేకపిల్ల రక్తం దగ్గరే పట్టుకున్నాను. నా పేచీ అది కాదు. ఆ వంటవాడికి మా మాట ఎందుకు పెట్టావు?"

గడప దగ్గర నిలబడ్డ అమ్మ నెమ్మదిగా అంది: "ఇన్నేండ్లు మా మాటను నౌకర్లకు పెట్టిరి గదన్నా. మేమేమన్న అడిగినమా?"

ఆయన హెడ్మాస్టరు గొంతుతోనే, రైల్లో తాను హీరో మాట మార్చినదానికి మాత్రం వాక్యంలో ఆధారముందన్నారు. పరదేశంలో మంత్రి అయ్యాక తమ్ముడు అక్కడి భాషే మాట్లాడాడు, అన్నలకూ తనకూ మధ్య ద్విభాషిని పెట్టుకున్నాడు, కాబట్టి హీరో మాట మారడం వాక్యానుసారమే అన్నారు. నాయిన కూడా తల ఊపారు. సంబంధం పోయినట్టేనని అనుకున్నాను. పోయేదెలాగూ పోతోంది కదా అనిపించి నోరు తెరిచాను.

"నిజమే గానండి, అన్నలకు తానెవలో చెప్పేటప్పుడు అందర్నీ బయటికి పంపిండు. ద్విభాషి గూడ పోయిండు. గాడ ఇంటి మాటనే మాట్లాడిండు. గా ఒక్క సీన్ల మా మాట రావాలె."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంచిలోంచి బైబిలు తీసి, ఆ పేజీ వెతికి, పెదాలు కదుపుతూ చదువుకున్నారు. మూసి, మా నాయినతో, "బావగారూ, పెళ్ళి మా చర్చిలో పెట్టుకుందామా, మీ చర్చిలోనా?" అన్నారు.

మొన్నామధ్య మా అమ్మాయి పట్టుబట్టి నన్నూ మా ఆవిడనూ జీవితంలో మొదటిసారి హాలుకు తీసుకెళ్ళింది. (చర్చి అయ్యగారికి చెప్పే వెళ్ళాను.) తెర మీద హీరో మొదటి నుంచి చివరి దాకా మా మాటే మాట్లాడాడు. జనం ఈలలు వేశారు. నేను కోరుకున్న చరిత్ర నన్ను అడగకుండానే వచ్చేసిందని మురిసిపోయాను. అయితే చివర్లో హీరో తనకు ద్రోహం చేసిన అన్నలను ఒక్కొక్కరినీ నరికాడు. ఆటోలో తిరిగి వస్తూ ఉండబట్టలేక, అక్కడ అతను అన్నల మెడ మీద పడి ఏడ్చి, నాయిన బాగున్నాడా అని అడిగి ఉంటే ఎలా ఉండేదో మా అమ్మాయికి చెప్పాను.

"గట్ల తీస్తే ఎవ్వలు చూస్తరు డాడీ?" అంది అది.

మా ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంటూ, "మీ తాతయ్య రైల్లో చూశారుగా. చూసే కదా నన్ను మీ నాన్నకిచ్చి ఇక్కడ వదిలి వెళ్ళింది" అంది.

ఆ మాటకు నవ్వొచ్చింది. చప్పున మొహం అటు తిప్పుకున్నాను. ఈ వయసులోనూ ఆ సీను చెబితే నాకు కళ్ళు చెమరుస్తాయి.