లేదని అనకూడని మాట

ఆ రోజు నేను చేసింది తప్పని ఆ రోజే నాకు తెలిసి ఉంటే బాగుండేది. తెలియకపోగా, ‘వెరీ గుడ్’ అని కూడా అన్నాను.

అది 1954. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. బేతంచెర్ల దగ్గరి ఒక ఊరి హైస్కూల్లో నేను ఇంగ్లీషు మాస్టరును. ఆ ఏడు వానలు లేవు. చాలామంది చేలు వదిలి, నాపబండలు తీసే గనుల్లో కూలికి పోతున్నారు.

పరిమాణాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలు మన పిల్లలకు ఎప్పుడూ ఇబ్బందే. లెక్కపెట్టగలిగిన వాటికి ‘మెనీ’, లెక్కకు అందని వాటికి ‘మచ్’. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్నైనా ఉన్నాయన్న ఊరట. ‘ఫ్యూ’ అంటే దాదాపు లేవన్న దిగులు. కొంత ఉంటే ‘సమ్’, బొత్తిగా లేకపోతే ‘నో’. ఇవన్నీ సూత్రాలుగా చెబితే తలకెక్కవని నేను ‘డ్రిల్’ చేయించేవాణ్ణి. అంటే ఒకే వాక్యాన్ని క్లాసులో ఒకరి తర్వాత ఒకరు నోటితో పలకాలి. వాక్యాలు కూడా పిల్లల ఇళ్లలో నుంచే తీసుకునేవాణ్ణి. అది నా గొప్ప అనుకునేవాణ్ణి.

ఆ రోజు మొదటి వాక్యం ‘దేర్ ఈజ్ సమ్ గ్రెయిన్ ఇన్ అవర్ హౌస్’. మా ఇంట్లో కొన్ని గింజలున్నాయి అని. అందరూ హుషారుగా చెప్పారు. తర్వాత ‘సమ్’ తీసి ‘నో’ పెట్టమన్నాను. మగపిల్లలు గొణిగినట్టు చెప్పి కూర్చున్నారు. ఎందుకు గొణుగుతున్నారో నేను ఆలోచించలేదు. క్లాసులో ఉన్న కొద్దిమంది ఆడపిల్లల్లో ఒకతె అయిన మార్తమ్మ వంతు వచ్చింది. ఎస్సెల్సీ పాసై టీచర్ ట్రెయినింగుకు పోవాలని ఆ పిల్ల ఆశ. వాళ్లమ్మ రాహేలమ్మ గనిలో బండలు మోసేది.

“సార్, ముందరిదే ఇంగోసారి చెప్తా. ఇది వద్దు సార్.”

“ఎందుకొద్దు?”

“ఇంట్లో గింజలు లేవని నోటితో అనగూడదంటాది మాయమ్మ.”

నాకు తెలియని సంగతి కాదు. మా అమ్మ కూడా బియ్యం నిండుకున్నాయనేది కానీ, అయిపోయాయని ఏనాడూ అనలేదు. కానీ అదంతా తెలుగు సంగతి, ఇంగ్లీషుకు అంటదు అనుకున్నాను.

“మీ గింజలకు ఇంగ్లీషు వచ్చా మార్తమ్మా, విని వెళ్లిపోవడానికి?” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. “చెప్పేదాకా నిలబడు.”

గంట కొట్టబోయే ముందు, గోడకు చెబుతున్నట్టుగా చెప్పింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అప్పుడే నేను ‘వెరీ గుడ్’ అన్నది.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. పక్కన కూర్చునే అమ్మాయిని అడిగితే, “వాళ్లమ్మ మాన్పించింది సార్. గనికి పోతాంది” అంది.

ఆదివారం ప్రార్థనలు అయ్యే వేళకు వాళ్లింటికి వెళ్లాను. రాహేలమ్మ మంచం వాల్చి కూర్చోమంది. నన్ను చూడగానే మార్తమ్మ లోపలికి వెళ్లిపోయింది.

“ఇంగ్లీషు నేర్పుతావని పంపిస్తే, ఇంటిని శపిచ్చేది నేర్పిస్తివి గదప్పా,” అంది రాహేలమ్మ. గొంతు పెంచలేదు. “ఆ పొద్దు కుండ అడుగు గీకి దానికి సంగటి పెట్టినా. మాపటికి ఏమీ లేదని దానికీ తెలుసు. ఉండే మాటే నలుగుర్లో నిలబెట్టి అనిపిస్తివి. ఇంటికొచ్చి అది నా మొగం చూడల్యా.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “తప్పు నాదమ్మా. పిల్లను మాన్పించొద్దు.”

“అన్న మాట యెనక్కి తీసుకునేకి అయితాదా సార్?”

“తెలియదమ్మా. నలుగురిలో అనిపించాను కాబట్టి నలుగురిలోనే తీసేస్తాను.”

ఆమె లోపలికి కేకేసింది. “మార్తా, రేపు పో. సారు తీసేస్తాడో లేదో చూసి రా. తీసేయకుంటే గనికే.”

సోమవారం క్లాసులో, ఆ పిల్లను నిలబెట్టిన చోటే నేను నిలబడ్డాను. “మొన్న మీ అందరి చేతా అనరాని మాట అనిపించాను. మార్తమ్మను ఎగతాళి చేశాను. నన్ను క్షమించండి. ఇంట్లో ఏది లేకపోతే మేలో అది పెట్టి ఆ వాక్యం చెప్పండి. చెప్పాలనిపిస్తేనే.”

మొదట మార్తమ్మే లేచింది. “దేర్ ఆర్ నో స్టోన్స్ ఇన్ అవర్ ఫీల్డ్.” మా చేనిలో రాళ్లు లేవు.

“అబద్ధం సార్! వాళ్ల చేనంతా రాళ్లే!” అని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు.

“ఉంటే ఉండనీ లేప్పా,” అంది మార్తమ్మ అటు తిరిగి. “లేవు లేవంటాంటే ఏమన్నా పోతాయేమో.”

మళ్లీ క్లాసంతా నవ్వింది. ఈసారి ఆ పిల్ల కూడా నవ్వింది. ఆపైన ఒకడు మా ఇంట్లో జ్వరం లేదన్నాడు, ఇంకొకడు తేళ్లు లేవన్నాడు. నేను పనిచేసిన ప్రతి బడిలోనూ ఆ తర్వాత ‘నో’ని అలాగే నేర్పాను. గింజలు, నూనె లాంటి లేదనకూడని వాటి జోలికి పోలేదు. మార్తమ్మకు పోయిన పాఠాలతో మొదలుపెట్టి, పరీక్షల దాకా ఆదివారాలు వాళ్లింటికే వెళ్లి పాఠం చెప్పాను. పరీక్ష పాసైంది.

ఆ సోమవారం సాయంత్రం మార్తమ్మ వెంట నేనూ వెళ్లి, అది చెప్పిన వాక్యానికి అర్థం రాహేలమ్మకు చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఆ మాట ఈడ కాదు సార్, చేను పక్కకు తిరిగి అనమను,” అంది.

మార్తమ్మ ఇంటి వెనక్కి వెళ్లి, చేను వైపు తిరిగి, గట్టిగా చెప్పింది. దానితో పాటు నేనూ చెప్పాను.