తండ్రి పరువు కోసం మానేసిన ఇన్సులిన్

మా అమ్మాయి కెజియాకు ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది చల్లపల్లి నుంచి బందరు వచ్చే బస్సులో. అప్పుడది ఏడో తరగతి. ఎక్కేటప్పుడు కొన్న నీళ్ల సీసా ఊరు దాటేలోపే ఖాళీ చేసింది. దారిలో రెండుసార్లు బస్సు ఆపించమంది. రెండోసారి కండక్టరు విసుక్కుంటే నేను అతనితో గొడవపడ్డాను. గిలకలదిండి హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేసేవాణ్ని, కోపం నా ముక్కు మీదే ఉంటుంది.

ఆ నెలలోనే పిల్ల సగమైపోయింది. బందరులో డాక్టరు గారు వేలికి సూది గుచ్చి మీటర్లో చూస్తే అంకె రాలేదు, ‘హై’ అని వచ్చింది.

"టైప్ వన్ డయాబెటిస్ అండీ. స్వీట్లు తిన్నందుకు వచ్చేది కాదు, మీ తప్పేం లేదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది, మనం బయటి నుంచి ఇవ్వాలి. జ్వరమొచ్చినా, అన్నం తినకపోయినా పూర్తిగా మానేయకూడదు" అన్నారు.

"ఎన్నాళ్లు వెయ్యాలండీ?" అని నా భార్య సుజాత అడిగింది.

"ఎప్పటికీనమ్మా" అన్నారు.

నేర్చుకున్నాం. తినే ముందు షుగర్ చూడడం, ఇన్సులిన్ పెన్ను డయల్ తిప్పడం, పొట్ట మీద చర్మం పట్టుకుని గుచ్చడం. మొదట్లో గ్రీజు పోయేదాకా చేతులు రుద్దుకొచ్చి నేనే వేసేవాణ్ని. ఏడాది తిరిగేసరికి తనే వేసుకోవడం నేర్చుకుంది. మా పిల్ల ఎంత ధైర్యవంతురాలో అని అందరికీ చెప్పుకున్నాం.

జబ్బు కంటే జనం మాటలే ఎక్కువ కాల్చాయి. మా చర్చి సంఘంలో వాళ్లు మంచివాళ్లే. అన్నం వండి తెచ్చారు, ఆస్పత్రికి తోడొచ్చారు, కాదనను. కానీ నోరు తెరిస్తే ఒకటే మాట, పరలోకపు తండ్రి తను ప్రేమించిన బిడ్డనే దండిస్తాడట! ఒళ్లు మండిపోయేది. నేను తండ్రిని కానా? అల్లరి చేస్తే ఫోను లాక్కుంటాను, రెండు కేకలేస్తాను. ఏ తండ్రయినా పన్నెండేళ్ల పిల్లకు జీవితాంతం ఉండే జబ్బు అంటగట్టి, ‘నీ మీద ప్రేమేనమ్మా’ అంటాడా? అలా అన్నవాణ్ని ఊళ్లోవాళ్లు స్తంభానికి కట్టెయ్యరూ?

మరుసటి వేసవిలో జబ్బులు నయం కావాలని ప్రార్థన చేసే స్వస్థత కూడికలు పెట్టారు. అవి వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, ఇంజన్ల పని అప్పుడే ఎక్కువ. అందుకని సుజాత, కెజియా మాత్రమే వెళ్లారు. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు దాని నుదుట నూనె రాసి ప్రార్థన చేసి, "తండ్రి నిన్ను ముట్టాడని నమ్ముతున్నావా తల్లీ?" అన్నాడట. నమ్ముతున్నానంది. "అయితే సాక్ష్యం చెప్పు" అని మైకు చేతిలో పెట్టాడట. అంతమంది ముందు పదమూడేళ్ల పిల్ల ఏమంటుంది? "మా తండ్రి నన్ను బాగుచేశాడు" అంది. ఇంకేముంది, చప్పట్లు, హల్లెలూయలు.

మర్నాడు హార్బర్లో వల బాగుచేసుకుంటున్న ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మాయికి షుగర్ పోయిందంటగా బ్రదర్, దేవునికి స్తోత్రం!" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికెళ్లి దాన్ని అడిగాను.

"ఇన్సులిన్ వేసుకుంటున్నావా?"

"ఆఁ, డాడీ."

"షుగరెంతుంది?"

"నూట ముప్పై."

నమ్మాను.

ఆ వారంలోనే వాంతులు పట్టుకున్నాయి. తిన్నదేదో పడలేదనుకున్నాం. మధ్యాహ్నానికి రొప్పడం మొదలుపెట్టింది. నోటి దగ్గర మాగిపోయిన పండు వాసన. బందరు ఆస్పత్రిలో చూసి, వెంటనే విజయవాడ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సు పామర్రు దాటేసరికి పిలిస్తే పలకడం లేదు.

ఐసీయూ డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇది డీకేఏ, ఇన్సులిన్ అందక రక్తం ఆమ్లంగా మారిపోయింది. ఇన్సులిన్ ఎప్పుడు మానేశారు?" అన్నారు.

"మానలేదండీ!" అని గొంతు పెంచాను.

ఆమె నాకంటే గట్టిగా, "వేసుకుంటుంటే కీటోన్స్ ఇంత రావడం కష్టమండీ. వేసుకోవడం మీరు కళ్లారా చూశారా?" అన్నారు.

సెలైన్లు, ఇన్సులిన్ డ్రిప్, మాటిమాటికీ రక్తపరీక్షలు. మర్నాడు సాయంత్రానికి మాట్లాడింది. ఎందుకమ్మా మానేశావని అడిగాను. రోజూ డయల్ తిప్పి, మందంతా సింకులోకి వదిలేసిందట.

"మైకులో చెప్పేశా కదా డాడీ. మళ్లీ వేసుకుంటే తండ్రి అబద్ధమాడినట్టవుద్ది. అందరూ ఆయన్ని చూసి నవ్వుతారు."

దేవుడి పరువు కాపాడ్డానికి నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చుకుంది. ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడదు.

"చూడమ్మా," అన్నాను, "నేను బాగుచేసిన ఇంజను సముద్రం మధ్యలో ఆగిపోయిందనుకో. మా నాన్న పేరు పోద్దని ఎవర్నీ పిలవకుండా ఆ బోట్లోనే కూర్చుంటావా? పేరు పోతే పోనీ, నువ్వు ఒడ్డెక్కు అంటాను. ఇంత కోపిష్టోణ్ని, నాకే అంత ప్రేముంటే, ఆయనకి నువ్వంటే ఇంకెంతుండాలి?"

"మరి ఎందుకు బాగుచెయ్యలేదు?"

"నాకు తెలీదమ్మా."

నిజంగానే తెలియదు. ఆ ప్రశ్న నేనూ ఆయన్ని అడుగుతూనే ఉన్నాను. మర్యాదగా మాత్రం అడగడం లేదు.

మా సంఘం పాస్టరు గారు చూడ్డానికి వచ్చారు. "తండ్రి పరీక్షిస్తున్నాడు బ్రదర్. కెజియా విశ్వాసం ఇంకొంచెం..." అన్నారు. నేను లేచేలోపే సుజాత అందుకుంది. ఆయన ముందు ఎన్నడూ గొంతెత్తి ఎరగదు.

"దాని విశ్వాసం జోలికి రాకండి అయ్యగారూ. నమ్మింది గనకే ఈ మంచం మీదుంది. మైకిచ్చినోళ్లలో ఒక్కరన్నా, ముందు డాక్టరుకి చూపించుకోమ్మా అన్నారా? నేనన్నా అన్నానా?"

పాస్టరు గారు తల వంచుకుని, "లేదమ్మా" అన్నారు. ఆ రోజు ఇంక ప్రార్థన చేయకుండానే వెళ్లారు.

ఇప్పుడు కెజియా పదో తరగతి. ఇంటర్ గుడివాడలో చదువుతానంటోంది. ఇన్ని జరిగాక కూడా ఆ గుడికే వెళ్తారా అని అడిగేవాళ్లున్నారు. మా తండ్రి ఇల్లది, మేమెందుకు మానాలి? గుళ్లో అందరికీ ప్రేమవిందని భోజనాలు పెడితే, బంతిలో అందరి మధ్యే పెన్ను తీసి వేసుకుంటుంది. మొహం తిప్పుకునేవాళ్లు తిప్పుకుంటారు.

టైప్ వన్ ఉన్న పిల్లల అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒకటే. పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నా సరే, సూది ఒంట్లోకి దిగేదాకా పక్కన కూర్చోండి. వేసుకున్నావా అని అడిగితే సరిపోదు, చూడాలి.

నేనిప్పుడు పనిలోంచి లేచొచ్చి మరీ కూర్చుంటున్నాను. గుచ్చుకునే ముందు కెజియా పైకే ప్రార్థన చేస్తుంది. "తండ్రీ, నాకింకా తగ్గలేదు" అంటుంది. అంతే, ఇంకో మాట ఉండదు. దానికి నేను పక్కింటికి వినబడేలా ఆమెన్ అంటాను.