నాయన కొట్టిన పుల్ల

వానల్లేని ఆ ఏళ్లలో మా ఊరు యాడికిని వదిలి, కేరళలో సరస్సు మీద తిరిగే హౌస్‌బోట్లకు ప్లంబరుగా చేరినాను. ఒకసారి మా నాయన నన్ను చూడ్డానికి వచ్చినాడు. ఆ పొద్దే ఒక బోటులో కొత్త గీజరు బిగించి స్విచ్చి వేసినాను. నీళ్లు కాగేటప్పుడు ఒత్తిడి పెరగకుండా సేఫ్టీ వాల్వు పైపులోంచి చుక్కచుక్క బయటికి కారుతుంది. ఆ పైపును బోటు పక్కకు వదిలినాను.

కాసేపటికి గీజరు మూలగడం మొదలుపెట్టింది. ట్యాంకు ఉబ్బి, గోడ బోల్టులు కిర్రుమన్నాయి. స్విచ్చి ఆపి అంతా వెతికినా తప్పు దొరకలేదు. చివరికి బయటికి వంగి చూస్తే, పైపు మూతిలో కట్టెపుల్ల దిగ్గొట్టి, పైన తువ్వాలు పీలిక చుట్టి ఉంది.

"ఎవరు కొట్టినారిది?" అని అరిచినాను.

"నేనేప్పా. బంగారట్లాంటి నీళ్లు కారిపోతాంటే సూస్తా కూచోమంటావా?" అన్నాడు నాయన.

"అది పేలుంటే మనమిద్దరం ఉండేవాళ్లం కాదు నాయనా!"

పక్కకు జరిగి పుల్ల లాగినాను. వేడినీళ్లు బుసకొట్టుకుంటూ సరస్సులోకి దూకినాయి. నాయన బిత్తరపోయి వాటి వెంటే చూసినాడు. కనుచూపు మేరా నీళ్లే.

"మనకు పోయాల్సింది గూడా దేవుడు ఈడనే పోసినాడేమప్పా" అన్నాడు మెల్లగా.

మళ్లీ గీజరు వేసినాక చూస్తే, ఆ పైపు కింద చెంబు పట్టుకొని కూర్చున్నాడు. నిండిన చెంబును రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా సరస్సులో పోసినాడు.

నీళ్లను అంత మర్యాదగా సాగనంపిన మనిషిని ఆ సరస్సు మీద నేను మళ్లీ చూడలేదు.