మూత తీసి చూసే మనిషి, మా యోహాను బాబాయ్

గురువారం మధ్యాహ్నం, ఈ అరబ్బు దేశంలో అల్ మన్సూరా పేటలో ఉన్న మా టైపింగ్ సెంటర్‌కి ఫోన్ వచ్చింది. చేసింది రాజయ్యన్న. యోహాను బాబాయ్‌తో ఒకే గదిలో ఉండే కరీంనగర్ మనిషి.

"చెల్లె, యోహాన్ సార్ పోయిండు."

"ఎక్కడికి?" అన్నాను, కీబోర్డు మీంచి చెయ్యి తియ్యకుండానే.

మాది కాకినాడ దగ్గర. మా వైపు పోయాడంటే ప్రాణం పోయిందనే అర్థం. రాజయ్యన్నకి మాత్రం ఎవరు ఎక్కడికి వెళ్ళినా పోవుడే. కొత్తలో ఒకసారి "సార్ పోయిండు" అన్నంత వరకే విని నేను ఏడుపు మొదలుపెడితే, "సూక్‌కు, బజారుకు పోయిండు చెల్లె. మీ దిక్కు పోతే అంతేనేమో గని, మా దిక్కు మనుషులు పోయి మల్లొస్తరు" అని పగలబడి నవ్వాడు. అప్పట్నుంచి ఆ మాటకి భయపడటం మానేశాను. అందుకే ఎక్కడికని అడిగాను.

"ఈసారి మీ దిక్కు పోవుడు, చెల్లె" అన్నాడు.

అబూ హమూర్‌లో ఆయన స్టోర్‌కీపర్‌గా చేసే గోడౌన్‌లోనే, డ్యూటీ మధ్యలో గుండె ఆగిపోయింది. యాభై దాటి ఎక్కువ కాలేదు. గుడివాడ దగ్గర పల్లెలో భార్య, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. సంక్రాంతికీ క్రిస్మస్‌కీ కాదు, పెద్దమ్మాయి పరీక్షలయ్యాక వెళ్తానని సెలవు పెట్టుకున్నారు. వెళ్ళారు, పెట్టెలో.

ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని కదా అని, ఈ వ్యాసం రాయమని ఇక్కడి మన తెలుగు సంఘం కమిటీ వాళ్ళు నాకు చెప్పారు. పరమపదించారు, ఆత్మబంధువు, తీరని లోటు, ఈ మాటలు తప్పకుండా పడాలన్నారు. నేను పదో తరగతి చదివి, టైపు లోయర్ పాసైనదాన్ని. అంత పెద్ద మాటలు నాకు రావు. పైగా నాకిప్పుడు ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉంది. మన పత్రిక టైపు చేసేది నేనే కాబట్టి, నేను రాసింది రాసినట్టే మీ చేతికొస్తుంది.

యోహాను బాబాయ్ అంటే మీలో చాలామందికి శుక్రవారం గుర్తొస్తుంది. శుక్రవారం సెలవు కదా, ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా ఆయన కోసం కారు పంపేవారు. ఆయన ఏ కాలేజీలోనూ కంప్యూటర్లు చదవలేదు. కంపెనీ వాళ్ళు పారేసినవి విప్పి, బిగించి, షాకులు తిని నేర్చుకున్నారు. చిన్న స్క్రూడ్రైవరు, పెయింట్ బ్రష్షు, పాత బనియను గుడ్డ. ఆ మూడూ ఒక టీ పొడి డబ్బాలో పెట్టుకుని వచ్చేవారు.

నాకు ఆయన పరిచయమైంది నా కళ్ళ వల్ల. మా సెంటర్‌లో నేను కూర్చునే కంప్యూటర్ పాతది. తెర మీద అక్షరాలు వణికేవి. సాయంత్రానికి తల పగిలిపోయేది, తప్పులు టైపు చేసేదాన్ని. మా ఓనరు ముందు నన్ను తిట్టాడు, తరవాత మిషన్ని తిట్టాడు, చివరికి ఇద్దర్నీ మార్చేస్తానన్నాడు. నాకు ఆ ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఎవరో చెబితే బాబాయ్ వచ్చారు. వచ్చిన మనిషి తెర వైపు చూడనైనా చూడలేదు, వెనక్కి తిప్పి స్క్రూలు తియ్యడం మొదలుపెట్టారు.

"కొత్త కంప్యూటర్ కొనమంటారా?" అన్నాడు ఓనరు.

"మూత తియ్యకుండా ఎలా చెప్తానండీ? పెట్టె మూత తీశాకే నోటి మూత తియ్యాలి."

లోపల ఒక చిన్న కార్డు చూపించారు నాకు. "ఇదిగో అమ్మడూ, దీన్ని గ్రాఫిక్స్ కార్డంటారు. కంప్యూటర్‌కి కళ్ళజోడు ఇదే. దీని పవరు చాలట్లేదు. కళ్ళజోడు మారిస్తే సరిపోయేదానికి తలకాయ మార్చమంటారేంటి మీ ఓనరు?"

షాపులో అన్నిటికంటే చవకది, ఆ మిషన్‌కి సరిగ్గా సరిపోయేది ఏరి తెచ్చి పెట్టారు. అక్షరాలు నిలబడ్డాయి. నా ఉద్యోగం నిలబడింది. ఖరీదైనది కొనిపిస్తే ఆ షాపువాడు ఆయనకి ఏదో ఒకటి ఇచ్చేవాడు. ఆ సంగతి నాకు షాపువాడే చెప్పాడు, "మీ వాడు వ్యాపారానికి పనికిరాడు" అని.

అలాంటి మనిషి మీద, పాత సామాను అంటగడతాడని పేరు పడింది. అది ఎలా పడిందో చెప్పడానికే నేనిది రాస్తున్నాను.

మనలో ఒక ఇంజనీరుగారు ఉన్నారు. పేరు రాయొద్దని కమిటీ వాళ్ళు బతిమాలారు. రాయను, ఆయనకి తెలుసు. ఆయనింట్లో నాలుగైదేళ్ళ నాటి కంప్యూటర్ ఉంది. అందులో బిల్డింగుల డ్రాయింగులు వేస్తే గీత గీతకీ ఆగిపోతోందని బాబాయ్‌ని పిలిచారు. బాబాయ్ అలవాటుగా మూత తీశారు.

"సార్, కార్డు గుచ్చే స్లాట్లు మీ దాంట్లో తెల్లవే ఉన్నాయి. ఇప్పుడొచ్చే పెద్ద కార్డులకి గోధుమరంగు స్లాట్ కావాలి. అవి దీంట్లో దిగవు. తెల్లదానికి సరిపడే చిన్న కార్డు వెతుకుతాను, రెండు వారాలు ఆగండి."

"నువ్వెప్పుడూ చవకబారు ఆలోచనే చేస్తావయ్యా" అన్నారట ఇంజనీరుగారు. ఈ మాట ఆయనే నవ్వుతూ పదిమందికి చెప్పుకున్నారు. మర్నాడే వెళ్ళి, పెద్ద రంగుల డబ్బాలో వచ్చే ఖరీదైన కార్డు కొనుక్కొచ్చారు. అది దిగలేదు. మరి ఇంజనీరు కదా, బలంగా నొక్కారు. స్లాట్ పగిలింది. పాత కార్డు తీసి ఎక్కడో పెట్టారు, దానికీ ఏదో అయింది. తెర నల్లబడిపోయింది. శనివారం పొద్దున్నే డ్రాయింగులు అప్పజెప్పాలి. అప్పుడు చవకబారు మనిషి గుర్తొచ్చాడు. గురువారం సాయంత్రం కారు పంపారు.

బాబాయ్ వెళ్ళారు, చూశారు, గంటలో వస్తానని బయటికొచ్చారు. గంటలో ఒక కార్డు తెచ్చి, పగలని స్లాట్‌లో పెట్టారు. డ్రాయింగులు నడిచాయి. ఏమీ తీసుకోకుండా, టీ మాత్రం తాగి వచ్చేశారు.

నెల తరవాత, షాపు కుర్రాడు వేరే పనికి ఆ కంప్యూటర్ విప్పి, "ఇది వాడిన కార్డు సార్" అన్నాడట. అంతే. మన సంఘం భోజనాల దగ్గర ఇంజనీరుగారు అందరి ముందూ, "ఎక్కడి చెత్తో తెచ్చి నాకు తగిలించాడు. స్లాట్ కూడా అతనే విరగ్గొట్టి ఉంటాడు. చదువు లేనివాళ్ళ చేత పని చేయించుకుంటే ఇంతే" అన్నారు. పప్పు వడ్డించుకుంటూ అందరూ విన్నారు. ఒక్కరు కూడా బాబాయ్‌ని అడగలేదు. ఆ తరవాతి శుక్రవారం ఆయన కోసం ఏ కారూ రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు.

ఆయన మాత్రం సాయంత్రాలు మా సెంటర్‌కి రావడం మొదలుపెట్టారు. శుక్రవారం ఇంటి ప్రార్థనలో పంచే పాటల కాగితం మా మిషన్ మీద టైపు చేసుకునేవారు. అంతకుముందు తన గదిలోనే చేసుకునేవారు కదా.

"మీ సిస్టమ్‌కి ఏమైంది బాబాయ్?"

"జలుబు చేసింది అమ్మడూ. ఏసీ పడట్లేదు."

నవ్వాను నేను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. ఇక్కడిదాకా మీ అందర్నీ తిట్టాను కాబట్టి నా సంగతీ రాయాలి. ఒకరోజు నేను కూడా అడిగాను, "నిజంగా వాళ్ళకి పాతదే పెట్టారా బాబాయ్?" అని.

ఆయన టైపు ఆపలేదు. "పాతదే" అన్నారు. ఇంకో లైను కొట్టి, "నువ్వు కూడా మూత తియ్యకుండా మాట్లాడుతున్నావేంటే" అన్నారు. మెల్లగానే అన్నారు. నాకు అర్థం కాలేదు.

ఆయన సామాను సర్దడానికి రాజయ్యన్న నన్నూ మా ఆయన్నీ పిలిచాడు. ఆరుగురుండే గది. ఎవరి వస్తువు ఎవరిదో తెలియాలని బాబాయ్ తనవాటన్నిటి మీదా తెల్ల పెయింటుతో "యో" అని రాసుకున్నారు. కంచం మీద యో, బకెట్ మీద యో, ఇస్త్రీపెట్టె మీద యో. కంప్యూటర్ పిల్లలకి పనికొస్తుందని ఇంటికి పంపుదామనుకున్నాం. ఆన్ చేస్తే గాలి తిరుగుతున్న చప్పుడు తప్ప తెర మీద ఏమీ లేదు.

"మూడు నెలల సంది గిట్లనే ఉన్నది చెల్లె. అడిగితే సర్ది అయింది అంటడు" అన్నాడు రాజయ్యన్న.

టీ పొడి డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తీసి నేనే మూత విప్పాను. కార్డు ఉండాల్సిన చోట లేదు. తెల్ల స్లాట్ నోరు తెరుచుకుని ఉంది. వెనకవైపు కార్డు తీసేసిన సందులోంచి దుమ్ము పోకుండా, టీ పొడి అట్టపెట్టె ముక్క కత్తిరించి అంటించారు.

"ఆ గురువారం సాయంత్రం దీన్నే విప్పి, ఏదో జేబుల పెట్టుకొని ఉరికిండు. కారు కింద ఆగి ఉండె" అన్నాడు రాజయ్యన్న. ఇన్నాళ్ళూ ఆ సంగతి అతన్ని ఎవరూ అడగలేదు.

సంతాప సభలో ఇంజనీరుగారు ముందు వరసలో కూర్చున్నారు. లేచి, యోహాను తనకి తమ్ముడితో సమానమన్నారు. ఈ పత్రిక ఆయనకీ వస్తుంది, అందుకని అడుగుతున్నాను. సార్, మీ కంప్యూటర్ మూత తీసి చూడండి. మీరు నొక్కి పగలగొట్టిన స్లాట్ పక్కన ఒక చిన్న కార్డు ఉంటుంది. దాన్ని మెల్లగా బయటికి తీసి వెనక్కి తిప్పండి. తెల్ల పెయింటుతో ఒక అక్షరం ఉంటుంది. అది చదివాక వచ్చే సమావేశంలో, పప్పు దగ్గర నిలబడి అన్నంత గట్టిగా, ఆ అక్షరం ఏమిటో అందరికీ చెప్పండి. కార్డు మాకు తిరిగి ఇవ్వక్కర్లేదు. ఆయన మీకిచ్చేశారు.

బాబాయ్, నన్ను క్షమించండి. ఇంకెప్పుడూ మూత తియ్యకుండా ఎవర్నీ ఒక్క మాట అనను.

తీరని లోటు అని రాయమన్నారు కదా, రాస్తాను. మీరందరూ ఆ మాట అన్నారు గానీ, నేను దాన్ని కళ్ళారా చూశాను. వేలెడంత పొడవుంటుంది. తెల్లగా ఉంటుంది. దాంట్లో ఏదైనా తెచ్చి పెడదామా అని రాజయ్యన్న అడిగితే వద్దన్నాను. అలాగే మూత బిగించాం.