చప్పుడు చేయని కారు

ఈ రోజు మా మేనమామతో కలిసి అనకాపల్లిలో కార్ల షోరూమ్‌కి వెళ్లాను. ఎప్పటినుంచో డీజిల్ బళ్లు చేస్తున్న కంపెనీ ఎలక్ట్రిక్ కారు తెస్తోంది, ముందస్తు బుకింగులు మొదలయ్యాయి. కారు ఇంకా రాలేదు. గోడ మీద దాని బొమ్మ మాత్రం ఉంది, నీలంగా, తెల్లవారుజాము ఆకాశంలా. ఆ బొమ్మ ముందు నిలబడి మామయ్య అప్పుడే బుచ్చయ్యపేట చెరకు తోటల మధ్య దాన్ని నడుపుకుంటూ వెళ్లిపోతున్నాడు.

"సౌండెలాగుంటాదమ్మా?" అని అక్కడి అమ్మాయిని అడిగాడు.

"సౌండే ఉండదండి. ఇంటి ముందుకొచ్చినా తెలీదు," అందామె గర్వంగా.

మామయ్య మొహం వాడిపోయింది. నా వైపు తిరిగి, "మరి నేనొత్తన్నానని మీ అత్తకెలా తెలుత్తాదిరా?" అన్నాడు.

ఆయన పాత జీపు చప్పుడు ఊరి మలుపు దగ్గర వినబడగానే అత్త పొయ్యి మీద టీ పెడుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే.

బుక్ చేయకుండానే తిరిగొచ్చేశాం. జీపు ఆగేసరికి టీ పొగలు కక్కుతోంది. సంగతంతా విని అత్త నవ్వింది.

"నన్నూ పక్కన కూకోబెట్టుకుని తీసుకెల్లండి. అప్పుడింక సప్పుడుతో పనేటి?"

మామయ్య గ్లాసు పట్టుకుని జీపులో నేను దిగాక ఖాళీ అయిన పక్క సీటు వైపు చూస్తూ ఉండిపోయాడు. టీ చల్లారిపోయింది.

మీ బండి చప్పుడు కోసం ఇంట్లో చెవులు రిక్కించేవాళ్లు, ఆ బండి ఎక్కి ఎన్నాళ్లయింది?